కింది మెట్టు మీద దొర

మా క్రెమ్లిన్‌లో మనిషి విలువ తెలుసుకోవడానికి అతని మొహం చూడక్కర్లేదు, గుర్రం ఎక్కడ దిగాడో చూస్తే చాలు. జార్ గారి కొలువులో దొరల్ని బోయర్లంటారు, వాళ్లలో పెద్దవాళ్లు జార్ గారి మేడ మెట్లు కనిపించేదాకా స్వారీ చేస్తూ వస్తారు. వాళ్లకంటే చిన్నవాళ్లు పెద్ద గంటగోపురం దగ్గరే దిగాలి. ఇంకా చిన్నవాళ్లు కోట గుమ్మం బయట దిగి, కొత్త జోళ్లు బురదలో ముంచుకుంటూ నడిచి రావాలి. ఎవడైనా పొరపాటున నాలుగడుగులు ముందుకొచ్చి దిగాడా, ఆ తగువు వాడి మనవడి దాకా నడుస్తుంది. మా బోటివాళ్లకు గుర్రాలు లేవు కనక మేం ఎక్కడ దిగాలో ఎవరూ చెప్పలేదు.

నా పేరు ఉలీత. కోట లోపల, మఠం వెనక వీధిలో కొసగోర్‌స్కీ దొరల ఇల్లుంది. ఆ ఇంటికి దాదిగా వచ్చి దాదిగానే ముసలిదాన్నయ్యాను.

ఈ కోట గురించి బయటివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఎర్ర ఇటుక గోడలు, బంగారు గుమ్మటాలు, దేశాన్నంతా ఏలే చోటు అని. మా అమ్మ కళ్లారా చూసిన ఏలుబడి వేరు. ఒక జార్ పోయాడు, ఇంకొకడు వచ్చాడు, వాణ్ని తోసి దొంగ జార్ ఒకడు కూర్చున్నాడు, వాడు ప్రాణభయంతో కిటికీలోంచి దూకితే పట్టుకుని చంపారు, ఆ తర్వాత పోలండు దండు వచ్చి కూర్చుంది. బయట మనవాళ్లు చుట్టుముడితే లోపలున్న పోలండువాళ్లు గుర్రాలు తిన్నారు, కుక్కలు తిన్నారు, జీను తోలు ఉడకబెట్టుకు తిన్నారు, ఆఖరికి మనుషుల్ని తిన్నారు. వాళ్లతో పాటు లోపల చిక్కుకున్న మన బోయర్లు మాత్రం ఆ ఆకలిలో కూడా ఎవరు పైన కూర్చోవాలి, ఎవరు కింద కూర్చోవాలి అని గడ్డాలు పట్టుకు పీక్కున్నారని మా అమ్మ చెప్పేది. నమ్మడానికి నాకెప్పుడూ కష్టం కాలేదు. ఇక్కడ ఏలడమంటే జార్ గారి కుర్చీకి ఎవరు ఎంత దగ్గరగా కూర్చున్నారన్నదే, మిగతా దేశం ఏ గంగలో కలిసినా సరే.

వాళ్ల వరస లెక్క ఇదీ. నీ తాత ఒక యుద్ధంలో నా తాత కింద పనిచేస్తే నువ్వు నా కింద పనిచెయ్యాలి. నా తాతకంటే నీ తాత పైన కూర్చుని భోంచేసి ఉంటే నేను నీ కింద కూర్చోవాలి. ఒక్కసారి తప్పు చోట కూర్చున్నానా, ఆ మచ్చ నా పిల్లలకు, నా అన్నదమ్ములకు, వాళ్ల పిల్లలకు అంటుకుంటుంది. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నాడట వెనకటికొకడు. అది విని ఊళ్లో నవ్వుకుంటారు. కోటలో దాన్ని చట్టం అంటారు.

చర్చిలో యెరెమేయ్ అని పేరు పెట్టిన నా కొడుకు యెర్యోమా పుట్టిన కొద్దిరోజులకే ఈ ఇంటి చిన్నదొర అవెర్కీ పుట్టాడు. పాలివ్వడానికి నన్ను తెచ్చుకున్నారు. ముందు దొరబిడ్డ తాగాలి, ఆ తర్వాత నా బిడ్డ. అందుకు నేనేమీ ఏడవలేదు, పాలు దండిగా ఉండేవి. ఇద్దరూ నా కళ్లముందే పెరిగారు. చలికాలంలో కోట వెనక మంచు దిబ్బ మీంచి ఒకే చెక్క మీద జారేవాళ్లు. పెద్దయ్యాక అవెర్కీ దొర అయ్యాడు, యెర్యోమా ఫిరంగులు కాల్చే పనిలో చేరాడు. వాణ్ని దక్షిణాన, గడ్డి మైదానాల అంచున, సుఖోదోల్ అనే చెక్కకోటకు పంపారు.

ఆ వేసవి మొదట్లో సుఖోదోల్ నుంచి ఒక రౌతు తప్పించుకుని వచ్చాడు. తాతార్లు కోటను చుట్టుముట్టారు, లోపల మందుగుండు ఉంది, బావిలో నీళ్లున్నాయి, రొట్టె మాత్రం వేసవి చివర వచ్చే ఆపిళ్ల పండగ దాకానే వస్తుంది, ఆ లోగా దండు రావాలి అన్నాడు. వాడు మా దొరకు కబురు చెప్పి వెళ్తుంటే నేను వంటింట్లోకి పిలిచి రొట్టె పులియబెట్టి చేసిన చల్లటి క్వాస్ పోసి, మా యెర్యోమా ఎలా ఉన్నాడని అడిగాను.

"పెద్ద ఫిరంగి వాడిదేనమ్మా. దానికి ఉలీత అని పేరు పెట్టుకున్నాడు. ఎందుకురా అంటే, మా అమ్మదీ ఇంత నోరే అన్నాడు."

నవ్వాను. దండు అప్పటికే నది అవతల గుడారాలు వేసుకుని సిద్ధంగా ఉంది. జార్ గారి ఉత్తరువు కూడా వచ్చేసింది. పెద్ద దళానికి నిఫాంత్ దొల్గుషిన్ అనే బోయరు నాయకుడు, ఆయన కింద రెండో దళానికి మా అవెర్కీ నాయకుడు. అవెర్కీయే వెళ్తున్నాడు కదా, ఇంక నాకేం భయమనుకున్నాను.

మర్నాడే అవెర్కీ మంచమెక్కాడు. నేను గదిలోకి వెళ్లేసరికి నెత్తిన క్యాబేజీ ఆకు వేసుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకున్నాడు. దుప్పటి లోపల్నించి చేప కూరిన రొట్టె వాసన వస్తోంది.

"ఏం జబ్బు బాబూ?"

"గుండెల్లో మంట దాదమ్మా."

"అందులో ఉల్లిపాయ ఎక్కువేశారేమో."

దుప్పటి కిందనించి పళ్లెం తీసి పక్కన పెట్టాడు. "నవ్వకు. నన్ను ఆ నిఫాంత్ కింద వేస్తారా? మా తాతగారి అన్న కజాన్ యుద్ధంలో కుడి దళం నడిపించాడు. అప్పుడు వాడి తాత ఏం చేస్తున్నాడో తెలుసా? వెనకాల బళ్లు కాస్తున్నాడు."

"వాళ్లిద్దరూ ఇప్పుడెక్కడున్నారు?"

"ఎక్కడుంటారు, ఎప్పుడో పోయారు."

"యెర్యోమా బతికే ఉన్నాడు నాయనా. ముందు వాడి సంగతి చూడు."

వాడి మొహం చిన్నబోయింది. "యెర్యోమా అంటే నాకు ప్రాణం కాదా? నీకు తెలీదా? కానీ ఇవాళ నేను నిఫాంత్ కింద వెళ్తే రేపు నా కొడుకు వాడి కొడుకు కింద వెళ్లాలి."

"నీకు కొడుకు లేడుగా."

"పుడతాడుగా."

పుట్టబోయే కొడుకు పరువు కోసం పుట్టిన నా కొడుకు ఆకలితో చావాలట. ఈ మాట వాడు చెడ్డవాడై అనలేదు. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది. చిన్నప్పుడు చీమను తొక్కితే ఏడ్చిన పిల్లాడు వాడు. ఈ కోటలో పెరిగితే ఎంత మంచి బుర్రయినా ఇలా బూజు పడుతుంది.

కందకు లేని దురద కత్తిపీటకు పట్టినట్టు నౌకర్లకు కూడా ఆ జబ్బే అంటుకుంది. మా దొర నిఫాంత్ కింద వెళ్లనన్నాడని తెలియగానే, మా వంటవాడు నిఫాంత్ వంటవాడికి రేవు మెట్ల మీద దారి ఇవ్వనన్నాడు. వాడూ పక్కకు జరగనన్నాడు. ఇద్దరూ చేపల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఎండలో ఎదురెదురుగా నిలబడ్డారు. చేపలు కంపు కొట్టాక ఇద్దరూ గెలిచామనుకుంటూ ఇళ్లకొచ్చారు. ఆ సాయంత్రం మాకు ముల్లంగి తప్ప ఏమీ లేదు.

కొన్నాళ్లకు జార్ గారికి ఓపిక నశించింది. ఇద్దర్నీ విందుకు పిలిపించి, నిఫాంత్‌ను పైన, మావాణ్ని పక్కనే కింద కూర్చోబెట్టమన్నారు. ఒక్కసారి అక్కడ కూర్చుని మెతుకు ముట్టుకుంటే వరస ఒప్పుకున్నట్టే. మా గుర్రాలవాడు పర్ఫ్యోన్ ఆ పూట మేడ వెనక వాకిట్లో గుర్రం పట్టుకుని ఉన్నాడు. వడ్డించేవాళ్ల దగ్గర విన్నదంతా వచ్చి నాకు చెప్పాడు.

"కూర్చోబెట్టారక్కా. కూర్చోబెట్టగానే బల్ల కిందకి జారిపోయాడు."

"పడ్డాడా?"

"పడలేదు, జారాడు. తలైనా నరకండి గానీ ఇక్కడ కూర్చోనని బల్ల కిందనించి అరుస్తున్నాడంట. ఇద్దరు భటులొచ్చి చంకల్లో చేతులేసి లేపారు. మళ్లీ జారాడు. ఈసారి బల్లగుడ్డ పట్టుకుని జారాడు. హంస మాంసం, పులుసు, అన్నీ పోయి నిఫాంత్ దొర ఒళ్లో పడ్డాయి."

"నవ్వారా అందరూ?"

"ఒక్కడూ నవ్వలేదక్కా. అదే నాకర్థం కాలేదు. ముసలి బోయర్లంతా గడ్డాలు నిమురుకుంటూ, భలే జారాడు, వంశం నిలబెట్టాడు అనుకున్నారంట."

ఇంత గడ్డం పెంచుకున్న మగాడు, అలిగిన పసిపిల్లాడిలా బల్ల కింద దూరితే వంశం నిలబడుతుంది. అదే పూట సుఖోదోల్‌లో నా కొడుకు ఎంత రొట్టె తిన్నాడో ఎవడికీ తెలియదు. అది ఆలోచిస్తే నాకు ముద్ద దిగేది కాదు.

జార్ గారు తీర్పు చెప్పారు. అవెర్కీని నిఫాంత్‌కు తల అప్పగింత చెయ్యాలన్నారు. పేరు వింటే భయం వేస్తుంది గానీ ఆ తలను ఎవరూ ముట్టుకోరు. ఓడినవాణ్ని గెలిచినవాడి ఇంటికి కాలినడకన తీసుకెళ్లి వాకిట్లో కింది మెట్టు మీద నిలబెడతారు. గెలిచినవాడు పై మెట్టు మీదికి వస్తాడు. జార్ గారి గుమస్తా తీర్పు చదువుతాడు. ఆ తర్వాత కింద నిలబడ్డవాడు నోటికొచ్చినట్టు తిట్టుకోవచ్చు. పైనున్నవాడు కిమ్మనకుండా విని, ఇంక ఇంటికి పొమ్మనాలి. తగువు అక్కడితో సరి.

మా కొసగోర్‌స్కీల నోరు సంగతి కోటంతా తెలుసు. అవెర్కీ వాళ్ల నాన్న తిడితే గుర్రాలు చెవులు మూసుకునేవంటారు. వీడు రేపు నోరు విప్పి నిఫాంత్ అమ్మమ్మ దాకా వెళ్తే, ఆయన ఆ మాట పట్టుకుని కొత్త అర్జీ పెడతాడు, దండు మళ్లీ ఆగిపోతుందని నాకు భయం పట్టుకుంది. తోటలో ఆపిళ్లు అప్పటికే ఎరుపెక్కుతున్నాయి. చిన్న శిలువ ఒకటి చేతిలో పట్టుకుని వాడి దగ్గరికి వెళ్లాను.

"రేపు నువ్వు నోరు విప్పకూడదు బాబూ."

"ఒక్క మాట కూడానా?"

"ఒక్కటీ వద్దు. తల వంచుకు నిలబడు. పొమ్మంటాడు. వచ్చేసి గుర్రమెక్కు."

"ఆ తిట్టడమొక్కటే కదా దాదమ్మా నాకు మిగిలింది. అదీ లాక్కుంటావా?"

"నా పాలు తాగావు. ఇంతవరకూ నిన్ను ఏమీ అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నాను. యెర్యోమా కోసం."

వాడు కిటికీ వైపు తిరిగాడు. కళ్ల నీళ్లు గడ్డంలోకి కారాయి. యెర్యోమా కోసం మాట్లాడనని శిలువ ముద్దుపెట్టుకుని ఒట్టు వేశాడు. ఇంత పెద్ద కోటలో బుద్ధి ఉన్నది నాకొక్కదానికే అనుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను.

మర్నాడు అవెర్కీ నెత్తిన టోపీ కూడా లేకుండా నడిచాడు. ముందు గుమస్తా, వెనక మేము. నిఫాంత్ వాకిలి తిరణాలలా ఉంది. గుమస్తాలు, సిపాయిలు, పనిలేని దొరలు, కొంగుల్లో బఠాణీలు పోసుకున్న ఆడవాళ్లు, గోడల మీద ఎక్కి కూర్చున్నవాళ్లు. వేడి రొట్టెలమ్మేవాడు కూడా వచ్చాడు. కొసగోర్‌స్కీ తిట్లు వినడానికి వచ్చారంతా.

నిఫాంత్ పై మెట్టు మీదికి వచ్చాడు. మండుటెండలో నక్కతోలు కోటు, దాని మీద ఇంకో కోటు, మూరెడు బొచ్చుటోపీ. మొహం మీంచి చెమట ధారలు కడుతోంది. గుమస్తా తీర్పు చదివి మడిచి చంకలో పెట్టుకున్నాడు. అందరూ అవెర్కీ వైపు తిరిగారు.

అవెర్కీ తల వంచుకు నిలబడ్డాడు.

నిఫాంత్ దగ్గాడు. "ఊఁ, కానివ్వు," అన్నాడు. ఏమీ లేదు. "సిగ్గుపడకు అవెర్కీ దొరా. వినడానికే వచ్చాను." అయినా ఏమీ లేదు. గోడ మీద ఎవడో కుళ్లు మాట విసిరాడు, పక్కవాడు వాణ్ని ఊరుకోమన్నాడు. నిఫాంత్ మొహం ఎర్రగా ఉన్నదల్లా పాలిపోవడం మొదలుపెట్టింది.

"ఏమయ్యా గుమస్తా, ఈయన తిట్టడేం?"

"తెలీదు అయ్యగారూ. తిట్టాలని రాసి లేదు. కానీ తిట్టడం ఆనవాయితీ."

"మా నాన్నను ఇదే మెట్టు మీద నిలబడి ఒక దొర పొద్దెక్కినప్పట్నించి దీపాలు పెట్టేదాకా తిట్టాడు. గొంతు పోతే నీళ్లడిగి తాగి మళ్లీ తిట్టాడు. మా నాన్న ఆ రోజు తల్చుకుని చచ్చేదాకా మీసం తిప్పుకున్నాడు." నిఫాంత్ గొంతు వణికింది. నిజంగా వణికింది, నేను విన్నాను. "కొసగోర్‌స్కీ ఇంట్లో కుక్కల కాపరిని కూడా నాలుగు మాటలంటారు. నేను ఒక్క తిట్టుకు కూడా సరిపోనా? ఇంతమందిలో నన్ను గోడను చూసినట్టు చూస్తాడా?"

అప్పుడు తెలిసింది నాకు ఏం జరిగిందో. నోరు మూసుకుంటే తగువు చల్లారుతుందని ఏ ఊళ్లో ఆడదాన్నడిగినా చెప్తుంది. ఈ కోటలో మాత్రం మాట్లాడకపోవడం అన్నిటికంటే పెద్ద తిట్టట. ఎవడికి తెలుసు? దేవుడిచ్చిన బుద్ధితో ఈ గాడిదల బుద్ధిని ఎలా కొలవడం?

వెనకనించి అవెర్కీ చొక్కా లాగాను. "తిట్టు బాబూ. ఒక్కటి తిట్టు. చిన్నదైనా సరే."

వాడు మెడలో శిలువ చూపించి అడ్డంగా తల ఊపాడు. ఒట్టు వేశాడు కదా. వాడు నాకిచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాడు.

నిఫాంత్ లోపలికి వెళ్లిపోవడానికి తిరిగాడు. నాకు కాలు నిలవలేదు. అవెర్కీని పక్కకు తోసి కింది మెట్టు ఎక్కేశాను.

"ఓ బొచ్చుటోపీ దొరా, తిట్లు కావాలా, ఇంద తీసుకో. ఎండాకాలంలో నక్కతోలులో ఉడికిపోతూ అది పరువనుకునే బుర్రతక్కువ వెధవా. నీ తాత బళ్లు కాస్తే నాకేం, వీడి తాత గాడిదలు కాస్తే నాకేం? మీ తాతలందరి ఎముకలూ కలిపి ఉడకబెట్టినా సుఖోదోల్‌లో ఒక్కడికి పూట గంజి రాదు. అక్కడ నా కొడుకు రొట్టె తుంపి ఇంత ఇవాళ, ఇంత రేపు అని దాచుకుంటున్నాడురా. వాడు ఫిరంగి పక్కన పడుకుని దారి వైపు చూస్తుంటే, నువ్విక్కడ నన్ను తిట్టలేదని ఏడుస్తావా? మీరు కోటలో ఉండి దేశాన్ని కాస్తున్నారా? మిమ్మల్ని వాడు కాస్తున్నాడు, ఆ చెక్కగోడ వెనక నిలబడి. నీ ఇంట దీపం పెట్టే దిక్కు లేకపోను. నీ చావుకు ఏడ్చేవాళ్లు కూడా వరస కోసం కొట్టుకుని ఏడవడం మర్చిపోను."

 అంత నోరు చేసుకున్నందుకు తల తీయించినా తీయించనీ అనుకున్నాను. నిఫాంత్ నా తల మీదుగా గుమస్తా వైపు చూశాడు.

"ఎవరీ ముసల్ది?"

"దాది అయ్యగారూ. ఈవిడ తిడితే తిట్టు కిందికి రాదు."

"నేనూ అదే అనుకున్నా," అని నిఫాంత్ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే అర్జీ పెట్టాడు. తనను తిట్టకుండా అవమానించారని, న్యాయం జరిగేదాకా దండుతో కదలనని. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లులకు అది చెలగాటమని కూడా తెలియదు, ఏదో ఘనకార్యం చేస్తున్నామనే అనుకుంటాయి. తిట్టకపోవడం తిట్టవుతుందా కాదా అని బోయర్లు పొద్దుటా సాయంత్రమూ కూర్చుని చర్చించారు. ఇలాంటిది ఇదివరకు జరిగిందేమో చెప్పమని, పళ్లూడిపోయిన ఒక పెద్దాయన్ను మంచంతో సహా మోసుకొచ్చారు. ఆయన సభలో నిద్రపోయాడు. నిద్రలేచేదాకా ఆగారు. లేచి, తనను అంత దూరంగా ఎందుకు పడుకోబెట్టారని తగువు పెట్టుకున్నాడు.

నేను రోజూ నది ఒడ్డుకు వెళ్లి చూసేదాన్ని. అవతల గుడారాల దగ్గర సిపాయిలు బట్టలుతుక్కుంటూ, చేపలు పట్టుకుంటూ కనిపించేవాళ్లు. ఆపిళ్ల పండగ వచ్చింది. చర్చిలో కొత్త ఆపిళ్లకు దీవెన చేసి అందరికీ పంచారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. గుడారాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఆ పండు నేను కొరకలేకపోయాను.

పండగ వెళ్లాక తీర్పు వచ్చింది. అవెర్కీ మళ్లీ వెళ్లి కింది మెట్టు మీద నిలబడాలి, ఈసారి తిట్టాలి. ఒట్టు తీసెయ్యడానికి పాదిరిని పిలిచారు. అవెర్కీ వెళ్లి, పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం ప్రార్థన గంటల దాకా తిట్టాడు. నిఫాంత్ ముత్తాతను వదల్లేదు, మేనత్తలను వదల్లేదు, ఇంట్లో కోళ్లను కూడా వదల్లేదు. నిఫాంత్ పై మెట్టు మీద పెళ్లికొడుకులా వెలిగిపోయాడట. అయ్యాక కిందికి దిగొచ్చి మావాణ్ని కౌగలించుకుని, "ఇదీ తిట్టంటే. నీలో మీ నాన్న కనిపించాడు," అన్నాడట. రాత్రికి మా ఇంటికి తేనె సారా పీపా పంపాడు.

ఇంతా చేసి, ఈ యుద్ధం వరకు వరస లెక్క లేదు, ఎవరి కింద ఎవరు వెళ్లినా అది లెక్కలోకి రాదు అని జార్ గారి పేర ఉత్తరువు ఒకటి గంటగోపురం పక్కనున్న ఇవాన్ మైదానంలో చదివారు. మావాడు ఆనందంగా గుర్రమెక్కాడు.

"ఈ ముక్క మొదటిరోజే చదవచ్చు కదరా," అన్నాను పర్ఫ్యోన్‌తో.

"మొదటిరోజే చదివితే ఎవరు గొప్పో ఎలా తెలుస్తుందక్కా," అన్నాడు వాడు. వాడికీ పట్టేసింది జబ్బు.

దండు వెళ్లింది. ఆకులు రాలాక తిరిగొచ్చింది. అవెర్కీ గుర్రం దిగి నేరుగా నా గదికి వచ్చాడు. ఒళ్లంతా దుమ్ము. గుమ్మంలోనే మోకాళ్ల మీద కూలబడ్డాడు. వాడు చెప్పక ముందే నాకు తెలిసిపోయింది.

రొట్టె అయిపోయాక కూడా కొన్నాళ్లు నిలబడ్డారట. గుర్రాలు తిన్నారట. ఆఖరికి నిలబడే ఓపిక లేక గోడ మీద కాపలా పల్చబడితే తాతార్లు నిప్పు పెట్టారట. దండు వెళ్లేసరికి బూడిద ఇంకా వెచ్చగా ఉందట. యెర్యోమా ఫిరంగి దగ్గరే ఉన్నాడు. అవెర్కీయే వాణ్ని గుర్తుపట్టి, తన చేతుల్తో గొయ్యి తవ్వి పూడ్చాడట. చేతులు చూపించాడు, బొబ్బలెక్కి ఉన్నాయి.

 వాడు నా పాదాలు పట్టుకుని ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చి, మొహం తుడుచుకుని, ఏదో గొప్ప కానుక తెచ్చినవాడిలా నా వైపు చూశాడు.

"దాదమ్మా, మా వంశం కోసం మఠంలో ప్రార్థన జరుగుతుంది కదా, పోయిన పెద్దల పేర్లన్నీ చదివిస్తాం కదా. అందులో యెర్యోమా పేరు చదివిస్తాను. ఎన్నేళ్లయినా సరే."

"ఎవరి తర్వాత?" అన్నాను.

అడగకూడదనే అనుకున్నాను. నోరు దానంతటదే అడిగింది.

"ఎవరి తర్వాతంటే... ఆఖర్న మా నాన్నగారి వేటగాడి పేరుంది. ఆ తర్వాత."

"మొదట చదివించు."

 నా కళ్లముందే వాడి పెదాలు కదిలాయి. లోలోపల తాతలను వరసగా తల్చుకుంటున్నాడు. ఎవర్ని జరపచ్చో, ఎవర్ని జరపకూడదో చూసుకుంటున్నాడు.

"నాకైతే ఏం అభ్యంతరం లేదు," అన్నాడు చివరికి. "కానీ మఠానికి నిఫాంత్ వాళ్లూ వస్తారు. ఫిరంగివాడి తర్వాత కొసగోర్‌స్కీల పేర్లు విన్నామని రేపు సభలో అంటే? మా తమ్ముళ్లు ఊరుకుంటారా? ఇలా చేద్దాం దాదమ్మా. మా చిన్నతాత పక్కన పెట్టిస్తాను. ఎనిమిదో పేరు. మా వాళ్లందరితో పోట్లాడైనా సరే, ఎనిమిదో చోటు ఇప్పిస్తాను."

వాడి కళ్లలో మళ్లీ నీళ్లు తిరిగాయి. అవి దొంగ ఏడుపులు కావు. వాడి లెక్కలో అది ప్రాణమిచ్చినంత పని. నా మీద, యెర్యోమా మీద వాడికి ఉన్న ప్రేమంతా కలిపితే ఎనిమిదో చోటు దాకా వచ్చింది. అక్కణ్నించి ఒక్క అంగుళం పైకి రాలేకపోయింది. వాణ్ని కొట్టాలనిపించలేదు, తిట్టాలనిపించలేదు. అసహ్యం వేసింది, అంతే. మురిగిన చేప దగ్గర నిలబడినట్టు ముక్కు మూసుకోవాలనిపించింది.

"వద్దులే బాబూ. మీ తాతలకు ఇరుకవుతుంది," అని శాలువా కప్పుకుని బయటికి నడిచాను.

కోట గుమ్మం దాటి, ఊళ్లోంచి ఫిరంగివాళ్ల పేటకు వెళ్లాను. యెర్యోమా కొలువులో చేరిన కొత్తలో ఉన్నది అక్కడే. పేట మధ్యలో చిన్న చెక్క చర్చి ఉంది. లోపల ఆడవాళ్లు గోధుమలూ తేనే కలిపి వండిన ప్రసాదం గిన్నెలు పట్టుకుని, పోయినవాళ్ల పేర్లు చదివించుకోవడానికి నిలబడి ఉన్నారు. నా చేతిలో గిన్నె లేదు. వెళ్లి అందరికంటే వెనక నిలబడ్డాను. అలవాటు.

నా ముందున్నామె వెనక్కి తిరిగి చూసింది. చాకిరీ చేసి కాయలు కాసిన చేతులు, ఎర్రటి ముక్కు.

"ఎవరమ్మా?" అంది.

"కొడుకు."

"ఎప్పుడు?"

"ఇవాళే తెలిసింది."

 నన్ను భుజం పట్టుకుని తన ముందుకు జరిపింది. "నా మొగుడు పోయి రెండేళ్లయింది, ఆయన ఆగుతాడు. నీది పచ్చి దుఃఖం, ముందు నువ్వెళ్లు," అంది. ఆ ముందున్నామె అది విని పక్కకు జరిగింది. ఆమె ముందున్న ముసలమ్మ కూడా జరిగింది. ఎవరూ ఎవర్నీ నీ తాత ఎవరని అడగలేదు. తన చేతిలో గిన్నె ఒకామె నా చేతిలో పెట్టింది. సుఖోదోల్ కబురు విన్నప్పుడు రాని ఏడుపు నాకు అక్కడ వచ్చింది.

"పేరు?" అన్నాడు పాదిరి.

"యెరెమేయ్," అన్నాను.

చదివాడు.